దిండులో గోల

డాక్టరు గది బయట బల్ల మీద కొత్త దంపతులు కూర్చున్నారు. ఆమె చూపంతా, డాక్టరుతో మాట్లాడి అప్పుడే బయటికొచ్చిన ఆయన పొట్ట మీదే ఉంది.

"అంతా నా వల్లేనండీ. ముద్దుగా ఉందని దీన్ని దిండు అన్నాను."

"పెళ్లికి ముందే ఉందిగా! నువ్వు పేరు పెట్టావంతే."

"తగ్గిస్తానని మీరంటే, నా దిండు జోలికొస్తే ఊరుకోనన్నాను కదా."

"ఊరికే పడుండే కొవ్వే అనుకున్నాం. అది ఒళ్లంతటికీ హార్మోన్లు పంపుతోందని మనకేం తెలుసు?"

"పంపితే ఏమవుతుందట?"

"రక్తంలో చక్కెరను తీసుకోమని ఇన్సులిన్ కండరాలకు చెబుతుందట. ఈ కొవ్వు చేసే గోలలో ఆ మాట వాటి చెవికెక్కడం లేదు. చక్కెర రక్తంలోనే ఉండిపోతోంది."

"అంటే షుగరు వచ్చేసినట్టేనా?"

"ఇంకా గుమ్మంలోనే ఉందట. పొట్ట తగ్గితే వెనక్కి పోవచ్చన్నారు."

"రోజూ సాయంత్రం చెవి ఆనించి, గుడగుడలు విని నవ్వేదాన్ని. లోపల ఇంత గోల జరుగుతుంటే ఒక్క ముక్క వినపడలేదండీ."

"ఏడవకు. లే, ఇంటికి నడిచే వెళ్దాం."

"మరి నా దిండు?"

"భుజం ఉందిగా."

"అది గుచ్చుకుంటుంది."

"కొంచెం పక్కకి జరుగు."

"ఇప్పుడూ గుచ్చుకుంటోంది... పర్లేదు, అలవాటు చేసుకుంటాను."