వాటీ గెడ్డెస్ టోపీ

మిస్ మోరాగ్ లోరిమర్ గోల్ఫ్ సంచి ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలు ఎఫీ టీ కొట్టు బయటి గోడకి ఆనించి ఉంది. తెల్లారితే మా ఊరి సముద్రపు ఒడ్డు గోల్ఫ్ మైదానంలో ఆడవాళ్ళ పోటీలు. అల్మరా నిండా కప్పులు గెలిచిన మోరాగ్‌కి ఇవే ఆఖరివి. ఆ సంచి మోసే కాడీ ఎవరన్నది ఎఫీ ఇంకా బయటపెట్టలేదు. ఎడింబరో నుంచి ఎవడో తెలివైనవాడు వస్తున్నాడని పుకారు. చాలా ఏళ్ళుగా ఆ సంచి మోసిన వాటీ గెడ్డెస్‌కి ఆ పుకారు గొంతులో ముల్లులా ఉంది. అందుకే కొట్టు ముందు గడ్డిలో వేసిన బల్లల దగ్గర కూర్చుని, ఎఫీకి వినబడేటట్టు గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"గొప్పలు ఎందుకు గానీ, మోరాగమ్మ చేతికి మొదటి గోల్ఫ్ కర్ర ఇచ్చింది నేనేనయ్యా. అప్పటికి ఈ బల్లంత ఎత్తు కూడా లేదు. వాళ్ళ నాన్న పారేసిన కర్ర తెచ్చి, పొట్టిగా కోసి, పిడికి తోలు చుట్టి ఇచ్చాను. ఇచ్చి, 'అమ్మాయీ, తల ఎత్తకు, బంతినే చూడు' అన్నాను. ఆ ఒక్క ముక్కే ఆవిడని ఇంతదాన్ని చేసింది."

"ఇంతవరకు నమ్ముతాం," అన్నాడు చేపలు పట్టే పర్వ్స్, రొట్టెకి వెన్న రాస్తూ.

"నమ్మక చస్తావా! మొదటి దెబ్బకే ఏమైందో తెలుసా? బంతి పోయి పోయి పాస్టరు గారి పొగగొట్టంలో దూరి, తిన్నగా ఆయన ఓట్స్ జావలో పడింది. ఆ ఆదివారం ఆయన ప్రసంగమంతా నరకం గురించే. సరే, ఆవిడ పెద్దదైంది, బడిలో పిల్లలకి లెక్కలు చెప్పే పంతులమ్మ అయింది, మొదటి పెద్ద పోటీకి వెళ్ళింది. నేను గాలి వాసన చూశాను. 'సముద్రం వైపు కొట్టండమ్మా' అన్నాను. జనం నవ్వారు. ఆవిడ కొట్టింది. బంతి నీళ్ళ మీదుగా వెళ్ళి, దీపస్తంభం చుట్టూ తిరిగి, గాలిని పట్టుకుని వెనక్కొచ్చి గుంటలో పడింది!"

"ఒకసారి తిరిగిందా, రెండుసార్లా?"

"ఒకసారే. రెండుసార్లంటే అబద్ధమవుతుంది. అదీ మొదటి కప్పు. కర్రల కంపెనీవాడు వచ్చి, మీ పేరు మా కర్రల మీద వేసుకుంటాం, ఏం కావాలన్నా ఇస్తాం అంటే, ఆట అమ్ముకునేది కాదని తలుపు వేసేసిన మనిషి! మళ్ళీ సోమవారం బడికి! ఆ తర్వాత అమెరికా పిలిచింది. ఓడ మీద చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే, 'ఒక్కటి కొట్టండమ్మా' అన్నాను. మేము న్యూయార్క్‌లో దిగేసరికి రేవు అధికారి ఆ బంతి చేత్తో పట్టుకుని, 'ఇది మీదేనా?' అని అడుగుతున్నాడు!"

"ఒరే వాటీ, ఆ ఎండాకాలమంతా నువ్వు నా పడవ మీద వల లాగుతూ ఉన్నావుగా?"

"ఒళ్ళు నీ పడవలో ఉందిరా. మనసు ఆవిడ ఓడలో ఉంది. అడ్డు రాకు. అసలుది ఇప్పుడొస్తుంది."

ఎఫీ కెటిల్ కింద పెట్టి, అందరి కప్పులూ మళ్ళీ నింపింది.

"ఇక్కడే, ఈ మైదానంలోనే, ఇంగ్లీషావిడతో ఫైనల్. ఇద్దరూ సమానం, ఒక్క గుంటే మిగిలింది. ఎలాంటి గాలనుకున్నారు! గొర్రెలు కంచె మీదుగా ఎగిరిపోతున్నాయి. మేళగాడి సన్నాయి దానంతటదే మోగుతోంది. ఆవిడ కొట్టింది. బంతి సముద్రంలోకి పోతోంది. కప్పు పోతోంది! ఏం చేశానో తెలుసా? తల మీది ఈ టోపీ తీసి, ఇసుక దిబ్బ మీద నుంచి గద్దలా ఎగిరి, బంతిని టోపీతో ఇలా కొట్టాను. అది గిర్రున తిరిగి, గుంటలో టక్కుమంది. ఆ కప్పులో సగం ఈ టోపీదే!"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. ఎఫీ మాత్రం నవ్వలేదు.

"వాటీ, ఆడేవాళ్ళ బంతి వాళ్ళ సొంత కాడీకే తగిలితే ఏమవుతుంది?"

వాటీ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఆ గుంట ఓడినట్టే," అంది ఎఫీ. "ఆ గుంటతోనే మా అక్క కప్పు గెలిచింది. అయితే రేపు పోటీల కమిటీవాళ్ళు రాగానే ఆ కప్పు ఇచ్చెయ్యమంటావా?"

"అంటే... టోపీ అప్పటికి నా చేతిలో లేదమ్మా. గాలి లాక్కుపోయింది."

"గాలిలో ఉన్నా అది నీ టోపీయే. రూలు అదే."

వాటీ సంచి వంక చూశాడు. టోపీ వంక చూశాడు. టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

"టోపీ లేదు. నేను ఎగరలేదు. ఆవిడ కొట్టింది, అది వెళ్ళి గుంటలో పడింది."

"అంతేనా?" అన్నాడు పర్వ్స్.

"అంతే. ఆవిడే కొట్టింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు."

"ఇన్నేళ్ళకి నీ నోట ఒక నిజం విన్నాం," అంది ఎఫీ. "ప్రతి ఆటకీ గొడుగు పట్టుకుని పక్కనే నడిచినదాన్ని. గాలి వాసన చూశానంటావు, సముద్రం వైపు కొట్టమన్నానంటావు! ఆ మైదానంలో నువ్వు ఒక్కసారి నోరు తెరవగా నేను చూడలేదు. గాలి ఎటని అక్క అడిగితే గడ్డి తుంచి పైకి వేస్తావు. ఆఖరి దెబ్బకి కళ్ళు గట్టిగా మూసుకున్నావు."

వాటీ మొహం బీట్‌రూట్ అయింది. "ఆ ఎడింబరో వాడు బాగా సలహాలు చెబుతాడటగా?" అన్నాడు నేల చూస్తూ.

"చెబుతాడు. అందుకే పొద్దున్నే అక్క వాణ్ణి వద్దంది. చెవి దగ్గర వాగేవాడు వద్దు, నా వాటీయే కావాలంది."

"పొద్దున్నేనా! మరి ఇంతసేపూ నన్నెందుకు వాగనిచ్చావమ్మా?"

"నువ్వు వాగుతుంటే నా టీ అమ్ముడుపోతుంది."

వాటీ లేచి వెళ్ళి సంచిని భుజానికెత్తుకున్నాడు. పట్టీ ఆ భుజం మీది పాత గాడిలో సరిగ్గా కూర్చుంది. ఏదో చెప్పబోయి, నోరు మూసుకున్నాడు.

"ఏరా వాటీ," అన్నాడు పర్వ్స్, "రేపు గాలి ఎటు ఉంటుందంటావు?"

వాటీ వంగి, గుప్పెడు గడ్డి తుంచి పైకి విసిరాడు. అదంతా వెళ్ళి పర్వ్స్ టీలో పడింది.