డాక్టరుగారు అడగని ప్రశ్న

క్లినిక్ పై వాటాలో, మధ్యాహ్నం, వంటింటి బల్లకి అటూ ఇటూ అక్కా తమ్ముడూ. ఇన్నేళ్ళు ఫ్యామిలీ డాక్టరుగా ఇంటింటి రోగాలూ చూసిన ఆ మహానుభావుడు ఈ వయసులో మానసిక వైద్యం కోర్సులో చేరాడు. రేపే మౌఖిక పరీక్ష. ప్రాక్టీసుకి రోగి వేషం అక్కది.

“సరే, మళ్ళీ మొదట్నించి. డాక్టరుగారూ, నాకు నిద్ర పట్టట్లేదండీ.”

“ఎన్నాళ్ళ నుంచమ్మా?”

“చాన్నాళ్ళ నుంచి. అన్నం సయించట్లేదు. ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు. నేనుండి ఎవర్ని ఉద్ధరిస్తున్నానా అనిపిస్తోంది.”

“అలాగా... చెయ్యి ఇలా ఇవ్వండి, బీపీ చూస్తాను.”

“ఒరేయ్! మళ్ళీ బీపీయా?”

“అలవాటక్కా.”

“అలవాటు కాదు, తప్పించుకోవడం. కిందటిసారి మీ మేష్టారు నిన్నేమని ఫెయిల్ చేశారు?”

“బీపీ మిషన్ వెనకాల దాక్కుంటున్నానని.”

“మరి? ఆ ఒక్క ముక్కా అడిగేస్తే పాసైపోతావుగా! ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?’ అంతే. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“అది కాదు... అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని.”

“అలా పుట్టదనీ, అడిగితే మనిషికి బరువు దిగుతుందనీ మొన్న నువ్వే చెప్పావు. భోంచేస్తూ. సగం అన్నం వదిలేసి.”

“ఆ రోజు ఆకలి లేదు.”

“ఏ రోజు ఉంది గనక?”

“అక్కా, పరీక్ష నాది. నన్ను ప్రాక్టీస్ చెయ్యనీ.”

“చెయ్యి మరి. అడుగు.”

“అమ్మా, మీకు... మీకెప్పుడైనా... రక్తపరీక్ష ఏమన్నా చేయించారా?”

“నా ఖర్మ! నీతో లాభం లేదు. లే, ఇటొచ్చి నా చోట కూర్చో. నేను డాక్టర్ని, నువ్వు రోగివి. ఎలా అడగాలో చూపిస్తా.”

“వద్దక్కా.”

“ఏం, నీ డాక్టరుగిరీ అరిగిపోతుందా? కూర్చో. ఆ... చెప్పండి బాబూ, ఏమిటి బాధ?”

“నాకేం బాధ లేదండీ.”

“ఇలాగైతే ఎలారా? ఏదో ఒకటి కల్పించి చెప్పు.”

“నిద్ర పట్టట్లేదండీ.”

“అది నా డైలాగు. పోనీలే. నిద్ర పట్టకపోతే ఏం చేస్తుంటారు?”

“కింద పేషెంట్లని చూసే గదిలోకెళ్ళి కూర్చుంటాను. అందరూ వెళ్ళిపోయినా, ఎదుటి కుర్చీలో ఎవరో ఉన్నట్టే ఉంటుంది.”

“అమ్మో, బాగానే కల్పిస్తున్నావే! ఎవరండీ ఆ ఉన్నది?”

“నేనే.”

“నువ్వేంటి?”

“నేనే కూర్చుని ఉంటాను. ఏమీ మాట్లాడను. ఊరికే నాకేసి చూస్తుంటాను, ఎప్పుడడుగుతానా అని.”

“ఒరేయ్, ఇది... ఇది వేషమేనా?”

“డాక్టరుగారు రోగిని ‘ఒరేయ్’ అనకూడదండీ.”

“నవ్వకు. నాకు భయమేస్తోంది. ఇలా చూడు. నా మొహంలోకి చూడరా.”

“చాల్లే అక్కా, లేస్తాను. టీ పెట్టుకుందాం.”

“టీ లేదు, ఏం లేదు. కూర్చో. నాన్నా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?”

“అక్కా...”

“చెప్పరా. నేనెక్కడికీ పోను. ఏం చెప్పినా వింటాను.”

“కింద మందుల బీరువా తాళంచెవి ఇదిగో. నువ్వే ఉంచుకో. నేనడిగినా ఇవ్వకు.”