దానిమ్మ రాయి లేని ద్వారం

1977 మార్చి పన్నెండవ తేదీన, మన ఆర్మేనియాలోని షిరాక్ సీమలో మంచు ఇంకా కరగని ఒక ఉదయాన, శ్రీమతి అరుస్యాక్ బదాల్యాన్ గారు మా ప్రాచీన కట్టడాల పునరుద్ధరణ కార్యాలయంలో చిత్రలేఖకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. జొరాకార్ గ్రామంలోని ఏడవ శతాబ్దపు దేవమాత ఆలయంలో ప్రతి రాయినీ కొలిచి, గీసి, అంకె వేయడం వారికి అప్పగించిన తొలి కార్యం. "ఈ పిల్లేంట్రా, రాళ్ళకి జ్ఞానస్నానం చేయించి పేర్లు పెడుతోందీ!" అని మేస్త్రీలు నవ్వేవారట. అరుస్యాక్ గారు లెక్కచేయలేదు. రాయి తన చోటు వదిలితే అనాథ అవుతుందన్నది వారి సిద్ధాంతం. అసలు రాయి ఎక్కడో ఉండగా కొత్త రాయి చెక్కి పెట్టడం వారి దృష్టిలో పచ్చి అబద్ధం.

1988 డిసెంబరు భూకంపం గురించి మనలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. జొరాకార్‌లో బడి కూలింది, గుడి కూలింది. ఆ బడిలో అరుస్యాక్ గారి ఏకైక కుమారుడు, పదేళ్ళ నొరాయిర్ ఉన్నాడు. శవపేటికలకే గతిలేని ఆ రోజుల్లో సమాధిరాళ్ళు ఎక్కడివి? ఊరివారు కూలిన గుడి రాళ్ళనే మోసుకుపోయి తమ బిడ్డల మీద నిలుపుకున్నారు. దక్షిణ ద్వారపు కమాను నడినెత్తిన ఉండిన రాయిని, దానిమ్మపండ్లు చెక్కిన ఆ అందమైన రాయిని, భర్త మెస్రోప్ గారు కొడుకు మీద నిలిపారు. లోకానికంతా పాఠం చెప్పిన అరుస్యాక్ గారు ఆ రోజు నోరెత్తలేదు. ఏ తల్లి ఎత్తుతుంది?

తరువాతి చీకటి సంవత్సరాలలో, విద్యుత్తూ వెచ్చదనమూ లేని గదుల్లో కోటు విప్పకుండానే పని చేస్తూ, వారు క్రమక్రమంగా పునరుద్ధరణ విభాగాధిపతి పదవిని అలంకరించారు. 2013లో దేవమాత ఆలయాన్ని తిరిగి నిలబెట్టడానికి విదేశాలలోని మనవారి విరాళం వచ్చింది. కొత్త రాళ్ళు చెక్కించి ముగించండని దాతలు తొందరపెట్టగా, వారు ససేమిరా అన్నారు. గడపగడపకూ వెళ్ళి, సమాధుల మీది రాళ్ళు ఇమ్మని, బదులుగా పేర్లు చెక్కిన కొత్త పలకలు వేయిస్తామని అర్థించారు. ముగ్గురు బిడ్డలను మట్టిలో పెట్టిన జర్వార్ద్ అనే ముసలమ్మ వాకిట్లోనే నిలదీసింది.

"నీ నొప్పి నాకు రానీ తల్లీ, మాటలు బాగానే చెప్తున్నావ్! ముందు నీ పిల్లాడి మీద రాయి తియ్యి. ఆ తర్వాత మా గడప తొక్కు."

"తీస్తాను" అన్నారు అరుస్యాక్ గారు.

మరునాడు ఊరంతా చూస్తుండగా తీశారు. మెస్రోప్ గారు గునపం అందించి, ముఖం తిప్పుకున్నారు. ఆ తరువాత ఏ ఇంటివారూ కాదనలేదు. జర్వార్ద్ మూడు రాళ్ళూ ఇచ్చింది. వేసవి గడిచేసరికి, బిగింపుగా నిలవాల్సిన నడినెత్తి రాయి ఒక్కటే మిగిలి, కమాను కర్ర సెంట్రింగు మీద నిలిచింది. అన్ని సమాధులకూ కొత్త పలకలు అమరాయి, ఒక్క నొరాయిర్ సమాధికి తప్ప. "ఊరివాళ్ళవి ముందు కానివ్వండి" అంటూ వారే వాయిదా వేస్తూ వచ్చారు.

దానిమ్మ రాయిని ఎక్కించి సెంట్రింగు విప్పవలసిన నాడు తొలిమంచు పడింది. కూలీలు రాయికి తాళ్ళు కడుతుండగా జర్వార్ద్ ఊరి ఆడవాళ్ళతో వచ్చి అడ్డు నిలిచింది.

"ఆపండ్రా! ఏమ్మా, పొద్దున్నే శ్మశానంలో నీ శాలువా తీసి ఆ ఒట్టి మట్టి మీద కప్పింది నువ్వేనా? చలేస్తోందనా వాడికి?"

అరుస్యాక్ గారు తల వంచుకున్నారు. "పలక వేస్తే సరిపోతుందిలే పిన్నీ. కమానుకి ఈ రాయి కావాలి."

"కమాను ఏడ్చింది! పదమూడొందల ఏళ్ళు నిలబడ్డ గుడికి ఇంకో పదేళ్ళు కర్ర ఊతం పెడితే సిగ్గా? ఆ రోజు కడుపు మండి అన్నాను. నువ్వు నిజంగా తీస్తావనుకున్నానా? తీసుకెళ్ళి వాడి మీద పెట్టు. నువ్వెళ్ళి వాడి పక్కన పడుకున్న రోజు మేమే తెచ్చి ఇక్కడ ఎక్కిస్తాం. అమ్మ పక్కనుంటే వాడికిక రాయెందుకు?"

ఆ మాటకు, పాతికేళ్ళుగా కార్యాలయంలో కన్నీరు చూపని మనిషి, కూలీలందరి ముందూ భోరుమన్నారు. రాయి తిరిగి శ్మశానానికి వెళ్ళింది. తన జీవిత సిద్ధాంతాన్ని తానే మొదటిసారి, చివరిసారి, భంగపరచుకున్నారు. దాతలు నిలదీస్తే వారి సమాధానం ఒక్కటే: "పని అసంపూర్తి. బాధ్యత నాది."

జర్వార్ద్ ఇప్పుడు లేదు. ఆమె కూతుళ్ళు, కోడళ్ళు ఆ మాట మరువలేదు. నేడు పదవీ విరమణ చేస్తున్న అరుస్యాక్ గారు మాకు అప్పగించిన ఆఖరి పని కూడా ఆ కమానుదే: కమాను కింద కర్రలు పుచ్చకముందే మార్చుతూ ఉండాలి. తప్పక మార్చుతామమ్మా. మీకు సంపూర్ణ ఆరోగ్యం చేకూరుగాక. ఆ కర్రలు మార్చే భాగ్యం మాకూ, మా తరువాతివారికీ మళ్ళీమళ్ళీ కలుగుగాక. దానిమ్మ రాయి చేరని ఆ ద్వారం, మీరు నిండు నూరేళ్ళు జీవించినంత కాలమూ, అసంపూర్తిగానే ఉండుగాక.