భద్రం గెలిచిన సినిమా వాదం

వీరభద్రం అని ఒకాయన ఉండేవాడు, మగ్గం నేసేవాడు. చీరాలకి ఇవతల, సముద్రపు గాలి తగిలే ఊరు. ఊరి పేరెందుకులే, చెప్పానంటే మీలో ఎవరో ఒకరు ఆ ఊళ్లో మాకు చుట్టాలున్నారంటారు, కథ అక్కడే ఆగిపోద్ది. పెళ్లాం కనకరత్నం పోయి చానా ఏళ్లయింది. పిల్లల్లేరు. ఒక గది, ఒక వసారా, మనిషొక్కడే. పొద్దున ఇంత అన్నం వార్చుకుని రాత్రికీ అదే తినేవాడంట. వంట చేతకాక కాదు, రెండోసారి పొయ్యి ఎవరికోసం ముట్టించాలని. అట్టాగని ఏడుపుమొహం మనిషి అనుకుంటారేమో, కాదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడంటే ఆయన నోరు ఊరుకునేది కాదు. నూలు లాక్కుపోయే నాడె అటొకసారి ఇటొకసారి, మాటా అంతే, అటొకసారి ఇటొకసారి. ఎవరితోనంటారా, కోటిలింగంతో.

ఈ కోటిలింగం ఆయనకంటే పదీ పన్నెండేళ్లు చిన్నోడు. ఒకే షెడ్డు, ఎదురెదురు మగ్గాలు. ఇంకో రెండు మగ్గాలోళ్లు కూడా ఉన్నారనుకో, వాళ్లు వినేవాళ్లే గాని మాట్టాడేవాళ్లు కాదు. చుట్టరికం లేదు, అయినా కోటిలింగం ఆయన్ని బావా అనేవాడు, ఈయన ఒరే కోటీ అనేవాడు. వీళ్లిద్దరికీ ఒకటే తగువు, సినిమాలు. ఏ పదేళ్లల్లో మంచి సినిమాలొచ్చాయి అని. భద్రం ఏమో, పంతొమ్మిదొందల అరవై నుంచి డెబ్బై దాకా వచ్చినవే సినిమాలు, తర్వాతొచ్చినవి గంతులు అంటాడు. కోటిలింగం ఏమో, ఎనభైల్లో వచ్చినవే సినిమాలు, ముందువి హరికథలు అంటాడు. నీ సినిమాల్లో కళ్లు మూసుకుని కూచుంటే కథంతా అర్థమైపోద్ది, ఇంక తెర ఎందుకు బావా, రేడియో చాలదా, అనేవాడంట కోటిలింగం. నీ సినిమాల్లో కళ్లు తెరుచుకుని కూచున్నా ఏమీ అర్థం కాదు గదరా, అనేవాడంట భద్రం. ఇట్టా సాగేది పొద్దుగూకేదాకా. ఏళ్ల తరబడి సాగిందయ్యా ఇది. ఒకరు నెగ్గిందీ లేదు, ఒకరు తగ్గిందీ లేదు.

భద్రానికి అరవైలంటే ఎందుకంత పిచ్చో ఎప్పుడూ చెప్పలేదు. నేను చెబుతా వినండి. పెళ్లయిన కొత్తల్లో కనకరత్నాన్ని తీసుకుని చీరాల నడిచిపోయేవాడంట సినిమాకి. తిరిగొచ్చేటప్పుడు కాలవ కట్ట మీద ఆ పిల్ల ఏం చేసేదంటే, చూసిన సినిమా కథంతా మళ్లీ మొదట్నించీ మొగుడికి చెప్పేది, ఈయన చూడనట్టు. మధ్యలో ఆగి, తర్వాతేమైందో చెప్పుకో అనేది. ఈయన తెలిసినా తెలీదనేవాడు. ఇల్లు చేరేసరికి కథ అయ్యేది. ఇప్పుడు షెడ్డులో వాదం పడేటప్పుడు నటన గురించి చెప్పేవాడు, పాటల గురించి చెప్పేవాడు, మాటల గురించి చెప్పేవాడు, ఈ సంగతి మాత్రం ఒక్కనాడు నోటెంట రానిచ్చాడు కాదు. వాదంలో పనికొచ్చే ముక్క కాదు గదా అది.

ఇంక అమావాస్య వచ్చిందనుకో. నేతోళ్లకి తెలుసు గదా, అమావాస్యకి మగ్గం ఆపాలి. అందరికీ అది సెలవు. భద్రానికి అది శిక్ష. ఆ రోజంతా పలకరించే దిక్కుండదు. అగ్గిపెట్టె ఇంట్లో ఉన్నా కొట్టుకెళ్లి ఇంకో అగ్గిపెట్టె కొనుక్కొచ్చేవాడంట, తన గొంతు తనకి వినపడాలని. కొట్టాయన ఏం భద్రం బాగున్నావా అంటే బాగున్నానయ్యా అనేవాడు, అంతే, ఆ రోజుకి మాట అయిపోయింది. ఇంటికొచ్చి టీవీ పెట్టుకునేవాడు. ఏం చూసేవాడనుకున్నారు, అరవైల సినిమాలా? కాదమ్మా. కోటిలింగం ఎనభైల సినిమాలు. వెతుక్కుని మరీ చూసేవాడు, తప్పులు పట్టడానికి. లారీ తోలేవాడికి తెల్లబూట్లేందిరా అని రేపడగాలి, తండ్రి పోయిన మర్నాడే వాడికి పాటేందిరా అని అడగాలి, అని కూచున్నకాడ కూచుని కూడబెట్టుకునేవాడు. మర్నాడు షెడ్డుకి అందరికంటే ముందు పోయేవాడు.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఒకరోజు పొద్దున్నే భద్రం మంచి ఊపు మీద వచ్చాడు. గుంతలో కూచున్నాడో లేదో, ఒరే కోటీ, నీ ఎనభైల్లో ఏడవకుండా నిలబడ్డ తల్లిని ఒక్కదాన్ని చూపించరా, నేనిప్పుడే ఒప్పుకుంటా అన్నాడు. అని, నాడె విసురుకుంటా జవాబు కోసం చూస్తున్నాడు. కోటిలింగం మగ్గం ఆగిపోయింది. పడుగు మీద చేతులు పెట్టి అట్టాగే చూస్తన్నాడు. ఆలోచిస్తన్నాడులే, గట్టిదే వెతుకుతున్నాడు అనుకున్నాడు భద్రం. చానాసేపటికి తలెత్తి, సరేలే బావా, నువ్వు చెప్పిందే నిజం, పాత సినిమాలే గొప్ప, అన్నాడంట.

షెడ్డులో మిగతా రెండు మగ్గాలూ ఆగిపోయాయి. ఎప్పుడన్నా విన్నారా ఆ మాట? భద్రం మామ గెలిచాడోయ్ అని వాళ్లిద్దరూ నవ్వి, ఒకడు పోయి అందరికీ టీ చెప్పొచ్చాడు. భద్రం కూడా నవ్వాడు. నవ్వాలి గదా, గెలిచినోడు. టీ గ్లాసు పట్టుకున్నాడు, తాగకుండానే గుంత పక్కన పెట్టేశాడు. ఆ పూటంతా షెడ్డులో మగ్గాల చప్పుడు తప్ప మాట లేదంట. ఏం మాట్టాడాలి, మాట్టాడేదానికి ఏముంది, గెలిచాక.

సాయంత్రం ఇంటికొచ్చి వసారాలో కూచున్నాడు. రేపేమనాలా అని ఆలోచించబోయాడు, అలవాటు గదా. రేపనేదానికి ఏమీ లేదు. అప్పుడు బుర్ర తిరిగి వెనక్కెళ్లింది. నేనేమన్నా అనరాని మాటన్నానా, వాడికి కష్టం తగిలిందా, లేకపోతే ఇన్నేళ్లుగా నాతో విసిగిపోయి ఇవాళ్టికి వదిలించుకున్నాడా అని. ఆ చివరి మాట మనసులో పడ్డాక ఇంక అన్నం సహించలేదంట పాపం.

మర్నాడు మళ్లీ గెలికాడు. అవును బావా, అన్నాడు కోటిలింగం. ఇంకోటి గెలికాడు, నీ సినిమాల్లో హీరోయిన్లకి మాట్టాడటం కూడా రాదు గదరా అని. రాదు బావా, అన్నాడు. ఇట్టా కాదని భద్రం తనే అటుపక్కకి దూకాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలిరా కోటీ, నీ సినిమాల్లో ఫైటింగులు మాత్రం బాగానే ఉండేవి, అన్నాడు. బతికుండగా తన నోటెంట వస్తుందనుకోని మాట అది. కోటిలింగం తల కూడా ఎత్తలేదు. అవును బావా, బాగానే ఉండేవి, అన్నాడు. అప్పుడు భయం వేసింది భద్రానికి. కోపంగా ఉన్నవాడు కాదనన్నా అంటాడు గదా. ప్రతిదానికీ అవునంటన్నాడంటే, మనిషి అక్కడ లేనట్టే గదా.

తర్వాత నాలుగు రోజులకి కోటిలింగం షెడ్డుకే రావడం మానేశాడు. మోకాళ్ల నొప్పులంట అన్నారు ఎవరో. ఎదురు మగ్గం మీద గుడ్డ కప్పేశారు. ఎదురుగా ఆ గుడ్డ, ఇటు భద్రం. పోయి చూసిరావచ్చు గదా అంటారు మీరు. పోలేదు. ఎందుకంటే వాళ్ల స్నేహం మగ్గాల కాడి స్నేహం. ఇన్నేళ్లలో ఒకరింటికి ఒకరు పోయింది పెళ్లిళ్లకీ చావులకే. పైగా మనసులో ఆ ములుకు ఉండనే ఉంది, నన్ను వదిలించుకున్నాడేమో అని. వదిలించుకున్నవాడి గుమ్మం ఎక్కితే ఏం బాగుంటుంది? అట్టా రోజులు దొర్లినయ్యి. మాట్టాడక మాట్టాడక, ఒకనాడు కొట్టాయన పలకరిస్తే గొంతు పెగల్లేదంట ఈయనకి. దగ్గి, సర్దుకుని అప్పుడు బాగున్నానయ్యా అన్నాడు.

అమావాస్య వచ్చింది. టీవీ పెట్టాడు. ఎనభైల సినిమా. కోటిలింగానికి ప్రాణం ఆ సినిమా. ఒక లారీ డ్రైవరు, వాళ్ల నాన్నని చంపినోడి కూతుర్నే ప్రేమిస్తాడు, చివర్లో ఐసు ఫ్యాక్టరీలో పెద్ద ఫైటింగు. ఈ ఐసు ఫ్యాక్టరీ గురించి ఎన్ని పొద్దులు కొట్టుకున్నారో. భద్రం సగం దాకా చూశాడు. పక్కన ఎవరూ లేకుండా తప్పులు పడితే ఏం లాభం? టీవీ కట్టేశాడు, కండువా వేసుకున్నాడు, కోటిలింగం ఇంటికి బయలుదేరాడు. ఏమన్నా అననీ, వెళ్లిపొమ్మంటే వచ్చేద్దాం అనుకున్నాడు.

కోటిలింగం పెళ్లాం సామ్రాజ్యం గడపలో నూలు కండెలు చుట్టుకుంటా కూచుంది. ఈయన్ని చూసి లేచి నిలబడింది. రా అన్నయ్యా, అని, లోపలికి పిలవకుండా అక్కడే ఆగిందంట.

"మోకాళ్లెట్టా ఉన్నాయమ్మా?" అన్నాడు భద్రం.

"మోకాళ్లు బాగానే ఉన్నాయన్నయ్యా. నేనే అట్టా చెప్పమన్నా. ఆయనకి మతి పోతంది." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ముందు మనుషుల పేర్లు మర్చిపోయాడు. తర్వాత నేత మర్చిపోయాడు, చీర అంచు కాడికొచ్చి ఆగిపోయేవాడు. పొద్దున్నే లేచి నన్నడిగేవాడు, ఐసు ఫ్యాక్టరీ సినిమాలో ఆ పిల్ల తండ్రి ఎవరే, బావ అడుగుతాడు, చెప్పవే అని. నాకేం తెలుసన్నయ్యా. నేనెన్నడు సినిమాలు చూశాను, కండెలు చుట్టుకుంటా ఈ గడపలోనే గదా ఉన్నా. ఒకరోజు కూచుని ఏడ్చాడు. ఇంక ఒప్పేసుకుంటానే, గుర్తులేదని బావకి తెలిస్తే జాలి పడతాడు, అది నేను పడలేను, అన్నాడు."

భద్రం చెప్పులిడిచి లోపలికెళ్లాడు. కోటిలింగం నులకమంచం మీద కూచుని ఉన్నాడు, శుభ్రంగా, తల దువ్వుకుని. ఈయన్ని చూశాడు. కూచో బావా, అన్నాడు. భద్రం ప్రాణం లేచొచ్చిందంట. అంతలో వాకిట్లో పాలాయన కేకేస్తే, ఆయన్నీ రా బావా అన్నాడు. సామ్రాజ్యం మొహం పక్కకి తిప్పుకుంది. ఇప్పుడందర్నీ అట్టాగే అంటన్నాడన్నయ్యా, అంది. సరే. తనని గుర్తుపట్టాడో లేదో అడగడానికి భద్రానికి నోరు రాలేదు. అడిగి తెలుసుకుని ఏం చేస్తాడు?

కాసేపు ఊరికే కూచున్నారు. ఊరికే కూచోవడం వాళ్లిద్దరికీ ఎప్పుడూ లేదు. అప్పుడు భద్రం ఏం చేశాడంటే, ఒక సినిమా చెబుతా వింటావా అన్నాడు. కోటిలింగం ఊఁ అన్నాడు. తన సినిమా చెప్పలేదయ్యా ఆయన. కోటిలింగం సినిమానే మొదలుపెట్టాడు. ఒక లారీ డ్రైవరుండేవాడు, అని. తప్పులు పట్టడానికి చూసీ చూసీ ఒక్క ముక్క పోకుండా వచ్చు గదా ఆయనకి. లారీ హారను నోటితో కొట్టాడు. ఆ పిల్ల గొంతు పెట్టాడు. ఐసు ఫ్యాక్టరీ కాడికొచ్చేసరికి లేచి నిలబడి, ఐసు దిమ్మల మీద జారినట్టు ఈ గోడ కాణ్ణించి ఆ గోడ దాకా జారి చూపించాడంట ఆ వయసులో. నడుం పట్టేసింది, మంచంకోడు పట్టుకుని నిలబడ్డాడు. సామ్రాజ్యం కండెలు వదిలేసి గుమ్మంలో నిలబడి చూస్తంది. తర్వాతేమైందో చెప్పుకో అన్నాడు భద్రం. ఆ మాట ఎట్టా వచ్చిందో ఆయనకే తెలీదు. కోటిలింగం మొహం చూసి, తనే చెప్పి ముగించాడు.

కోటిలింగం అంతా విన్నాడు. విని, మొహం చిట్లించాడు.

"ఇదేం సినిమా?" అన్నాడు. "ఐసు మీద అంతసేపు తన్నుకుంటే జలుబు చెయ్యదా వాళ్లకి?"

భద్రం ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత మెల్లిగా మంచం మీద కూచున్నాడు. "నీకేం తెలుసు, దీనంత సినిమా రాలేదు," అన్నాడు.

"రాకేం. పాతవి ఉండేవి. అవి సినిమాలు."

"పాతవా? అవి హరికథలు."

"నీకు చెవుల్లేవు," అన్నాడు కోటిలింగం, కోపంగానే.

అదీ జరిగింది. మర్నాటినుంచి రోజూ మగ్గం దిగి అటే పోయేవాడు భద్రం. ఈయన ఎనభైల వైపు, ఆయన అరవైల వైపు. నిన్న కొట్టుకున్నది ఆయనకి ఇవాళ గుర్తుండేది కాదు, మళ్లీ మొదట్నించీ చెప్పాలి. చెప్పేవాడు. తన సినిమాల్ని తనే తిట్టేవాడు రోజూ. తిట్టి, ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని కూచుంటే, ఏమే కనకరత్నం, ఏమనుకోమాకే, వాడికోసం అన్నాలే, అనుకునేవాడంట. షెడ్డులో వాళ్లు, ఏం మామా, ఇంతకీ ఎవరు గెలిచారు అనడిగితే, ఇంకా తేలలేదురా అనేవాడు.

పోయిన వానాకాలంలో కోటిలింగం పోయాడు. చివర్లో మాటే పడిపోయిందంట, అప్పుడు కూడా ఈయన పోయి ఒక్కడే రెండు వైపులా వాదించి వచ్చేవాడు. భద్రం ఉన్నాడింకా. షెడ్డు మూసేశారు, మగ్గం ఇంట్లోకి తెచ్చుకున్నాడు. మొన్నెవరో కొట్టు కాడ కుర్రాళ్లు ఇదే మాటన్నారంట, ఏ పదేళ్ల సినిమాలు గొప్ప, పెద్దాయన్నడుగుదాం అని. ఆయన నిలబడి, ఏమో నాయనా, నేను ఎటువైపో నాకే గుర్తులేదు అని, అగ్గిపెట్టె తీసుకుని వెళ్లిపోయాడంట.

ఇదిగో, మీరూ నా మొహం చూడమాకండి ఏది గొప్పదో చెప్పమని. నాకు తెలుసు, చెప్పను. చెప్పేస్తే మీరు అవును ముసలోడా నువ్వు చెప్పిందే నిజం అని లేచి ఇళ్లకి పోతారు. నేనీ అరుగు మీద ఎవరితో కూచోను?