గొంగళి పురుగులూ పట్టుపురుగులూ

పొద్దున కోసిన మల్బరీ ఆకును పట్టుపురుగులకు వేసి బయటికి వచ్చిన ఆదిలక్ష్మమ్మకు, పక్క తోటలో మునగచెట్ల కింద మందు కొట్టే పంపు కనబడింది. గట్టు దాటి పరుగెత్తింది.

"వరదప్పా, మునగకు మందు కొట్టేసినావా?"

"గొంగళి పురుగు ఆకంతా తింటా ఉంటే చూస్తా కూర్చోమంటావా?"

"అయ్యో, గాలి నా తోట మిందికే కదప్పా! ఆ ఆకే పురుగులకు ఏసి వస్తా ఉండాను. అన్నీ చస్తాయి!"

"అరవద్దు. పంపు మూత తీసి చూడు."

"లోపలంతా పొడిగా ఉందే, మందు వాసనే లేదే! మరి గొంగళ్ళు?"

"పగలంతా అవి మానుకు గుంపుగా అతుక్కొని ఉంటాయి. కాగడా పెట్టి కాల్చేసినాను. ఆడ రాలినాయి, చూసుకో."

"పోయిన ప్రాణం తిరిగొచ్చింది, నా తండ్రే! మరి పంపు ఎందుకు తెచ్చినావు?"

"కొట్టాలనే తెచ్చినాను. నీ మల్బరీ కండ్లబడింది, దించేసినాను."

ఆదిలక్ష్మమ్మ గట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వేసింది.

"అయితే మా మేకలు నీ మునగ మొక్కలు తిన్న కోపం పోయినట్టేనా?"

"యాడ పోతుంది? ఆ తప్పు నీది. నీ పురుగులేం చేసినాయి?"