నోట్లో దాచిన పేరు

బోధన్‌లో శక్కర్ ఫ్యాక్టరీ కూత వేసి, పని పాళీ దిగిన మనుషులు పోశయ్య చాయ్ హోటల్‌లో చేరారంటే రాజమల్లు కోతలకు వేళయినట్టే. ఎవరిదో బీడీ కార్ఖానాలో కట్టలకు లేబుళ్లు అంటించే పని అతనిది. బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న తీరు చూస్తే మాత్రం కార్ఖానా అతనిదే అనుకోవాలి.

“బీడీ కంపెనీ పెట్టుడు పెద్ద ముచ్చట కాదే పోశన్నా. ముందుగాల పేరు కాపాడుకోవాలె. పేరు ఇంకొకడు ఎత్తుకపోయిండంటే కంపెనీ పుట్టకముందే సచ్చినట్టు. గందుకే మొన్న నిజామాబాద్‌ల వకీలు సాబ్ కాడికి పోయిన.”

“అయిందా మరి?” అన్నాడు పోశయ్య, చాయ్ అందిస్తూ.

“ఆగరాదు! నన్ను సూడంగనే వకీలు కుర్సీల కెల్లి లేసిండు. గింత పెద్ద పేరు నాతోని కాదు, సీదా బొంబాయిల పేర్లు రాసుకునే పెద్దాఫీసుకే పో అన్నడు. పేరు నోట్లె పెట్టుకోని, మూతి బిగవట్టి రైలెక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేర్ల దొంగలు ఎంబడి వడ్డరు! బాసర కాడ ఒకడు పేడా తినుమన్నడు. నోరు తెరుస్తనా? నాందేడ్ కాడ ఇద్దరు చక్కిలిగిలి పెట్టిండ్రు. నవ్వుతనా?”

“నోరు తెరువకుంట అన్నం ఎట్ల తిన్నవే?” అన్నాడు మూలనున్న ఎర్రన్న.

“వాసన సూసిన, కడుపు నిండింది. ఇగ బొంబాయిల పెద్ద సాబ్ పేరేందన్నడు. గోడలకు చెవులుంటయ్ సాబ్ అని సైగ జేసిన. ఆఫీసు ఖాళీ జేయించిండు. చాలదన్న. బజారు ఖాళీ జేయించిండు. ఇంకా చప్పుడైతుందన్న. సముద్రాన్నే జరసేపు సప్పుడు జేయకుమన్నడు! అలలన్నీ గట్లనే నిలవడ్డయ్. అప్పుడు సాబ్ చెవుల చెప్పిన. ఏడ్సిండే! నా నౌకరీల గింత మంచి పేరు వినలే అని రుమాలు తడిసేదాక ఏడ్సిండు!”

హోటలంతా నవ్వింది. నవ్వు ఆగకముందే వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది.

“బొంబాయి కెల్లి ఎప్పుడొచ్చినవే అన్నా?”

నిజామాబాద్ వకీలు దగ్గర గుమాస్తా, లింబాద్రి. చేతిలో మడత పెట్టిన కాగితం. రాజమల్లు కాళ్లు వాటంతటవే కిందికి దిగాయి.

“మొన్న మా వకీలు సాబ్ నీ కంపెనీ పేరేందని అడిగితే, చెమటలు తుడుసుకుంట, నీళ్లు తాగొస్తనని పోయినవ్. మళ్ల రాలే. గిగో నీ దరఖాస్తు. పేరు రాసే జాగ ఖాళీగనే ఉన్నది.”

ఈసారి నవ్వు అతని మీదే. రాజమల్లు తల దించుకున్నాడు. ఏం చెప్తాడు? కట్టుకున్నదాని పేరు మొగుడు నోటితో పలకకూడదన్నది వాళ్లింటి పద్ధతి. పెళ్లినాడు ఆడపడుచులు గడప దగ్గర ఆపితే ఒక్కసారి చెప్పాడు, అంతే. పన్నెండేళ్లుగా “ఇగో”, “ఇన్నవా” అనే పిలుపు. రాయడమా, రాదు. చేట ఒళ్లో పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆ మనిషి చేతిపనికి తన చేత్తోనే ఇంకొకరి లేబుల్ అంటిస్తున్నానని అతనికి లోపల ఎంత బాధో ఎవరికీ తెలియదు. ఒక్క కట్ట మీదైనా ఆమె పేరు చూడాలని ఆశ.

“జక్రాన్‌పల్లి ఆసామి ఒకాయన గూడ బీడీ పేరుకే వచ్చిండే,” అన్నాడు లింబాద్రి. “కృష్ణ అనాల్నా, గోదావరి అనాల్నా, రేపు చెప్త అన్నడు. ముందుగాల ఎవరి కాయితం పోతే పేరు వాళ్లది. ఈడ టపా కట్టే యాళ్లయితుంది. చెప్తవా, పోవాల్నా?”

ఆ పేరు ఇంకొకరి నోట వినేసరికి రాజమల్లు దిగ్గున లేచాడు. చుట్టూ చూశాడు. హోటల్ ఖాళీ కాలేదు, బజారు ఖాళీ కాలేదు. పోశయ్య స్టవ్ బుస్సుమంటూనే ఉంది.

“గోదావరి,” అన్నాడు.

చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఆమెను అందరూ ఎరుగుదురు. లింబాద్రి ఒక్కడే ఎరగడు. కలం మూత తీస్తూ అడిగాడు, “నువ్వు గూడ నది పేరే పెడుతున్నవా?”

“నది కాదే,” అన్నాడు రాజమల్లు. “మా ఇంట్లామె.”