హనుమాండ్లు తెచ్చిన మూడు స్విచ్చులు

"కచ్చురం కట్టిండ్రు ఓ వదినా, ఎద్దుల మెడలకు..." ఏం కట్టిండ్రో, గంటలో గవ్వలో, మంగవ్వకు గుర్తు రాదు. ఆమె చిన్నప్పుడు పెండ్లిపిల్లను బండెక్కించేటప్పుడు ఆడవాళ్లు పాడిన పాట అది. ఆ మాట కోసం వెతుక్కుంటూనే ఆమె అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులోకి, సురేందర్ చాయ్ బండి దగ్గరికి నడిచింది.

రేపు పొద్దున మనవరాలు అనుపమ పెళ్లి. కచ్చురం, అదే ఎద్దుల బండి, లేకపోయినా కారుంది. మంగవ్వ పెనిమిటి ముప్పై ఏళ్లు కిరాయికి నడిపిన పాత అంబాసిడర్. తాత కారులోనే మండపానికి పోతానని పిల్ల పట్టు పట్టింది. కారుకు అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తాళంచెవి పెట్టి తిప్పే స్విచ్చు అరిగిపోయింది. కొత్తది తెస్తే గంటలో బిగిస్తానన్నాడు యూసుఫ్‌గూడ మెకానిక్ నరేశ్. తెచ్చే పూచీ నాదన్నాడు జిరాక్స్ షాపు హనుమాండ్లు. అని నాలుగు రోజులైంది.

చాయ్ బండి దగ్గర హనుమాండ్లు గ్లాసు పట్టుకుని ఆ సంగతే చెబుతున్నాడు. మంగవ్వను చూసి గొంతు ఇంకాస్త పెంచాడు.

"పంజాగుట్ట దుకాణంల అడిగిన. గీ స్విచ్చు ఇప్పుడేడ దొరుకుతదన్నా అని సేటు నవ్విండు. నేను నవ్వలే, ఊరికె చూసిన. గా చూపుకే లోపలికి ఉరికి ఇనుప పెట్టె తెచ్చిండు. నూరు స్విచ్చులున్నయి. మనదేదో ఎట్ల ఎర్కయితది? ఒక్కోటి చెవికి ఆనిచ్చి విన్న. ఒక్కోదాంట్ల ఒక్కో ఇంజను చప్పుడు. మూడు ఏరిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?" అన్నారు రవికాంత్ గారు. ఆయన మైత్రీవనంలో కంప్యూటరు పాఠాలు చెబుతారు.

మొదటి స్విచ్చు అక్కడే తిప్పి చూశాడట, బయట నిలబడ్డ సిటీ బస్సు డ్రైవరు లేకుండానే స్టార్టయిందట. రెండోది తిప్పితే పైన మెట్రో టక్కున ఆగి, ఎవరు పిలిచారన్నట్టు కిందికి తొంగి చూసిందట. మూడోది సగం తిప్పాడో లేదో పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా సిగ్నళ్లన్నీ పచ్చబడ్డాయట, మైత్రీవనంలో కంప్యూటర్లన్నీ వాటంతట అవే మొదలై, కోర్సులో చేరని పిల్లలకు కూడా ఉద్యోగాలు వచ్చేశాయట.

"మా క్లాసులో ఒక్కడికీ రాలేదే."

"గా దినం మీరు సెలవు పెట్టిండ్రు సార్."

సురేందర్ చాయ్ వడపోస్తూ నవ్వాపుకున్నాడు. మంగవ్వ మాత్రం నోరు తెరిచి వింటోంది. ఈ పట్నంలో ఏం జరగదని, నెత్తిమీద రైలు పోతుంటే.

"మల్ల యూసుఫ్‌గూడ పోయిన. నరేశ్‌ను పక్కకు జరగమని నేనే బిగించిన. తాళంచెవి ఇట్ల తిప్పంగనే గర్రుమన్నది. నేను దిగి చేతులు కడుక్కునేలోపల కారు తానే పోయి మండపం చూసొచ్చి, మల్ల తన జాగల తాను నిలబడ్డది. అవ్వా, ఫికర్ వద్దు, కారు తయారున్నది."

మంగవ్వ బస్సును నమ్మింది, మెట్రోను నమ్మింది, కారు మండపం చూసి రావడాన్ని కూడా నమ్మబోయింది. ఒక్క దగ్గరే ఆమె మనసు తట్టుకుని ఆగింది.

"తాళంచెవి తిప్పంగనే మోగిందా నాయనా?"

"తిప్పంగనే."

"మరి నల్ల బుడిపె ఎవరు గుంజిండ్రు? ఆ కారుకు చెవి తిప్పుడు ఒక్కటే సాలదు. మీ తాత తిప్పుతుండె, పక్కనున్న బుడిపె నేను గుంజుతుంటి. గుంజితేనే ఇంజను లేస్తది. ముప్పై ఏండ్లు రోజూ పొద్దుగాల అదే పని మాది."

సురేందర్ గిన్నె దించి పక్కకు తిరిగి నవ్వాడు. హనుమాండ్లు చెయ్యి మెల్లగా జేబులోకి పోయి కాగితం పొట్లంతో బయటికొచ్చింది. అందులో నిజంగానే మూడు స్విచ్చులున్నాయి, మూడూ మూడు రకాలు. పాతది చూపించి కొనమని నరేశ్ విప్పి ఇస్తే, దాన్ని షాపులో జిరాక్స్ మిషను మీదే మర్చిపోయి, ఉత్త చేతులతో నాలుగు రోజులు తిరిగి, గుర్తున్నంతలో మూడు తెచ్చాడు. ఒక్కటీ సరిపోకపోతే అవ్వకు ముఖమెట్లా చూపించాలని నరేశ్ దగ్గరికే పోలేదు.

మంగవ్వ అతన్ని చాయ్ తాగమంది. తాగాక రవికాంత్ గారితో కలిసి ముగ్గురూ ఆటోలో యూసుఫ్‌గూడ పోయారు. పొద్దు ఇంకా ఉంది. నరేశ్ పెట్టి చూశాడు. మొదటిది రంధ్రంలో దూరలేదు. రెండోది దూరి వదులుగా తిరిగింది. మంగవ్వ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. మూడోది టక్కుమని కూర్చుంది.

రవికాంత్ గారు ముందు తలుపు తీసి పట్టుకున్నారు. మంగవ్వ ఎక్కి తన పాత జాగాలో కూర్చుని, నల్ల బుడిపె మీద చెయ్యి వేసింది. హనుమాండ్లు తాళంచెవి తిప్పి, ఆమె వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"జర మెల్లగ గుంజు అవ్వా, మెట్రో ఆగుతది."